మనము చూడని ఆటగాని విలువ కట్టుట యెట్లు?

సాయంకాలపు ఆట ముగిసి, భోజనపు గంటకై కాచుకొని యుండు సమయమున వసతిగృహపు బాలురు సాగించు వాదములలో ఒకటి యెన్నటికిని తెగుట లేదు. అది అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామును గూర్చినది. 2024వ సంవత్సరమున సయ్యద్ అబ్దుల్ రహీము గారి జీవితము నాధారముగా గొని "మైదాన్" అను హిందీ చలనచిత్రము వెలువడినది మొదలు ఈ వాదము మఱింత వేడెక్కినది. బలరాము వంటి ఆటగాడు మఱల పుట్టలేదని యొక పక్షము వారందురు. నాటి ఆట మందమైనదనియు, నేటివారి వేగము ముందు ఆయన అర్ధగంటయైన నిలువజాలడనియు రెండవ పక్షము వారందురు. గొంతు పెద్దదియైన వానిదే ఆ పూటకు గెలుపు. మఱునాడు వాదము మఱల మొదటికి వచ్చును.

ఇందొక విశేషము కలదు. వాదించు బాలురలో గాని, వారి తలిదండ్రులలో గాని బలరాము ఆటను కన్నులార చూచినవారు లేరు. ఆయన 1963లోనే ఆట మానెను. ఆటను చూచి గుర్తుంచుకొనదగిన వయస్సు పదియేండ్లని యనుకొన్నను, అట్లు చూచినవారు నేడు డెబ్బది దాటిన వృద్ధులై యుందురు. కావున మన బాలురు వాదించుచున్నది చూచిన సంగతిని గూర్చి కాదు, విన్న సంగతిని గూర్చి. చూడని దానిని గూర్చి మాటలాడరాదని మేము చెప్పము. అట్లయినచో చరిత్ర పాఠమును మూసివేయవలసి వచ్చును. కాని విన్న సంగతిని తూచుటకు కొన్ని పద్ధతులు కలవు. ఆ పద్ధతులను బలరాము విషయమున నిచట ఉపయోగించి చూతము.

మొదట ఆయన యెవరో తెలియని చదువరుల కొఱకు కొన్ని మాటలు. మన అన్నోజిగూడ నుండి వరంగల్లు బాట వెంబడి పడమరగా ఉప్పలునకు పోయి, అచ్చట నుండి నాచారము, మౌలాలి మీదుగా ఉత్తరమునకు సాగినచో అమ్ముగూడ చేరుదుము. నేడు రైలు స్టేషనుతో, ఇండ్ల వరుసలతో నగరములో కలిసిపోయిన ఆ చోటు నాడు సికిందరాబాదు దండునకు చేరువలోని చిన్న పల్లె. బలరాము 1936లో అచ్చట పేద కుటుంబమున జన్మించెను. హైదరాబాదులో రైడర్స్ క్లబ్బు పక్షమున ఆడుచుండగా రహీము గారి కంటబడెను. 1956-57లో సంతోష్ ట్రోఫీని గెలిచిన హైదరాబాదు జట్టులో ఆడెను. 1956లోనే, ఇరువదియేండ్ల ప్రాయమున, మెల్బోర్ను ఒలింపిక్సునకు పోయిన భారత జట్టులో చేరెను. 1957లో కలకత్తా నగరమునకు పోయి ఈస్ట్ బెంగాల్ జట్టున చేరెను. 1958లో టోక్యో ఆసియా క్రీడలు, 1960లో రోము ఒలింపిక్సు, 1962లో జకార్తా ఆసియా క్రీడలు, ఇవన్నియు ఆయన ఆడిన పోటీలే. జకార్తాలో భారతదేశమునకు బంగారు పతకము లభించెను. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో ఆయన కాలధర్మము నొందెను.

రహీము గారిని గూర్చియు రెండు మాటలు చెప్పకతప్పదు. ఆయన 1909లో హైదరాబాదున జన్మించి, తొలుత పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి, పిమ్మట హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను. ఆయన చేతిక్రింద ఆ జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదు మారులు గెలిచెను. ఆయన నేర్పు విధానము కేవలము ఉపాధ్యాయునిదే. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో ఒక పోటీ, బంతిని కాళ్ల నడుమ ఆడించుకొనుచు పోరాదను నియమముతో ఇంకొక పోటీ ఆయన పెట్టించుచుండెను. తప్పులున్న చోటనే అభ్యాసము చేయించుట యన్నమాట. అమ్ముగూడ నుండి నగరమునకు అభ్యాసమునకు వచ్చుటకు చేత పైకము లేని బలరామునకు అద్దె సైకిలు సొమ్ము ఆయనయే యిచ్చెననుట ప్రసిద్ధము.

ఇక వాదమునకు వత్తము. బాలురు మొట్టమొదట తెచ్చు సాక్ష్యము గోలుల లెక్క. సునీల్ ఛెత్రీ భారతదేశము పక్షమున తొంబదికి మించిన గోలులు చేసెను గదా, బలరాము లెక్క అందు నాలవ పాలైన కాదే యని యొకడనును. ఛెత్రీ కూడ సికిందరాబాదున జన్మించినవాడే గనుక ఈ పోలిక మనకు ఇంటి పోలికయే. ఛెత్రీ ఘనతను తగ్గింపవలెనని మాకు లేదు. కాని ఈ యంకెలను ప్రక్కప్రక్కన పెట్టుటకు ముందు ఒక్కొక్కని కెన్ని అవకాశములు వచ్చెనో చూడవలయును. ఛెత్రీ 2005 మొదలు రెండు దశాబ్దములకు దగ్గరగా దేశము పక్షమున ఆడెను. ఆ కాలమున దక్షిణాసియా దేశముల పోటీలు, ప్రపంచ కప్పు అర్హత పోటీలు, స్నేహపు పోటీలు ఏడాది కిన్ని యని క్రమముగా జరుగుచుండెను. బలరాము దేశమునకు ఆడినది ఏడేండ్లకు లోపు. ఆ యేడేండ్లలోను దేశముల నడుమ పోటీలు అరుదు. నాలుగేండ్ల కొక ఒలింపిక్సు, నాలుగేండ్ల కొక ఆసియా క్రీడలు, నడుమ మలయా దేశపు మెర్డెకా పోటీ వంటివి కొన్ని. పది బావులు గల వాని నీటిని, ఒక్క బావి గల వాని నీటిని కడవలతో కొలిచి వ్యవసాయపు నేర్పును నిర్ణయింపగలమా?

పైగా నాటి లెక్కలే ఒకదానితో నొకటి పొసగవు. ఏది దేశముల నడుమ పోటీ, ఏది కాదు అను విషయమున గ్రంథకర్తలకే భేదమున్నది. ఈ చిక్కు బలరాము నొక్కని విషయమున మాత్రమే కాదు. బ్రెజిలు దేశపు పెలే పేర 1,281 గోలులను లెక్క ప్రసిద్ధము. అందు స్నేహపు పోటీలు, విదేశ పర్యటనలలోని పోటీలు, సైనికుడుగా నున్నప్పుడు సైన్యపు జట్టు పక్షమున ఆడిన పోటీలు కూడ చేరియున్నవి. వానిని తీసివేసినచో లెక్క మిక్కిలి తగ్గును. పెలే గొప్పతనము మాత్రము ఆ యంకెతో పెరుగను లేదు, తరుగను లేదు. అంకె యనునది ప్రశ్న వేయుటకు పనికివచ్చును. తీర్పు చెప్పుటకు చాలదు.

రెండవ సాక్ష్యము కన్నుల సాక్ష్యము. "మా తాతగారు చూచినారు" అని యొక బాలుడు చెప్పినంతనే తక్కినవారు నోరు మూసికొందురు. చూచినవాని మాటకు విలువ కలదు, నిజమే. కాని చూచినవాడేమి చూచెనో విచారింపవలయును. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో న్యూయార్కు కాస్మాస్ జట్టు మోహన్ బగానుతో ఆడెను. కాస్మాస్ పక్షమున పెలే దిగెను. వేలకొలది జనులు ఆయనను కన్నులార చూచిరి. పోటీ 2-2గా సమముగా ముగిసెను. మోహన్ బగాను చేసిన రెండు గోలులలో ఒకటి శ్యాం థాపాది, రెండవది మన హైదరాబాదు మహమ్మద్ హబీబుది. పెలే ఒక్క గోలైన చేయలేదు. ఆనాటికి ఆయనకు 36 ఏండ్లు నిండినవి. వర్షమునకు నేల బురదయై యుండెను. ఆనాడు చూచినవాడు "పెలేను నేను చూచితిని, హబీబే మిన్న" యని యన్నచో అతడు అబద్ధమాడినట్లు కాదు. అయినను పెలేను గూర్చి అతడు చెప్పినది 1958లోని పెలేకు గాని, 1970లోని పెలేకు గాని వర్తింపదు. కావున తాతగారి మాట వినునపుడు ఆయన యే సంవత్సరమున, ఏ మైదానమున, ఎన్ని పోటీలు చూచెనో అడుగుట అమర్యాద కాదు. ముదుసలులు సామాన్యముగా అట్టి ప్రశ్నలకు సంతోషింతురు.

చలనచిత్రము సంగతి వేఱు. అందు పరుగెత్తినవాడు బలరాము కాడు, బలరాము వేషము వేసిన నటుడు. దర్శకుడు కథకు తగినట్లు పోటీలను కూర్చుకొనును. అది అతని వృత్తిధర్మము. ఆ చిత్రము వలన మన బాలురకు రహీము గారి పేరు తెలిసినది. అంతవఱకు మేలే. దానిని సాక్ష్యముగా తెచ్చువాని మాటను మాత్రము మేము లెక్కింపము.

మూడవది ఎదుటివాని బలము. మా యభిప్రాయమున అన్నింటికంటె గట్టి సాక్ష్యమిదియే. మేకపిల్లను ఓడించినవాడును, పులిని ఎదిరించినవాడును ఒక్కటి కాదు. 1960 ఆగస్టు 26న ఇటలీ దేశమున లాక్విలా పట్టణమునందు భారతదేశము హంగరీతో తలపడెను. ఒలింపిక్సులో వేతనము లేని ఆటగాండ్రే ఆడవలెనని నాడు నియమము. పశ్చిమ ఐరోపా దేశములలోని పేరుగల ఆటగాండ్రు జీతమునకు ఆడువారు గనుక వారికి ప్రవేశము లేదు. తూర్పు ఐరోపా దేశములలో మాత్రము ఆటగాండ్రు పేరునకు సైనికులు, ఉద్యోగులు. వారు తమ మేటి ఆటగాండ్రను నిరాటంకముగా పంపగలిగిరి. హంగరీ పక్షమున ఆనాడు ఆడినవారిలో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఒకడు. ఐరోపా ఖండమున ఏటి మేటి ఆటగానికిచ్చు "బంగారు బంతి" బహుమతి 1967లో ఆతనికే లభించెను. ఆ పోటీలో హంగరీ 2-1గా గెలిచెను. హంగరీ గోలులు గొరొచ్, ఆల్బర్ట్ చేసినవి. భారతదేశపు గోలు 79వ నిమిషమున బలరాము చేసెను. ఆ హంగరీ జట్టు పిమ్మట కంచు పతకమును గైకొనెను. తరువాత ఫ్రాన్సుతో మనవారు 1-1గా సమముగా నిలిచిరి. ఆ గోలు పి. కె. బెనర్జీది. పెరూతో 1-3గా ఓడిపోయిరి.

బలరామును పొగడు బాలురు ఇచ్చట ఆగుదురు. మనము ఆగరాదు. ఏలయన, ప్రతిపక్షమునకు పనికివచ్చు సంగతులును చెప్పిననే విచారణ న్యాయముగా నుండును. రోములో మనవారు ఒక్క పోటీయైన గెలువలేదు. మెల్బోర్నులో నాలవ స్థానము వచ్చెనని గర్వముగా చెప్పుకొందుము. అచ్చట మొదటి పోటీ హంగరీతో జరుగవలసియుండగా హంగరీ రానందున మనవారికి ఆడకయే గెలుపు లభించెను. తరువాత ఆస్ట్రేలియాను 4-2గా ఓడించిరి. ఆ పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. పిదప యూగోస్లావియాతో 1-4గాను, బల్గేరియాతో 0-3గాను ఓడిరి. అనగా నాలవ స్థానమునకు చేరుటకు గెలిచిన పోటీ ఒక్కటియే. జకార్తా విజయమునకును ఒక కొఱత యున్నది. రాజకీయ కారణములచే ఇజ్రాయెల్, తైవాను దేశముల జట్లకు అచ్చట ప్రవేశము లభింపలేదు. పందెములో పరుగెత్తని గుఱ్ఱములున్నవని మఱవరాదు.

అయినను పరుగెత్తిన గుఱ్ఱములు తక్కువవి కావు. దక్షిణ కొరియా 1956లోను 1960లోను ఆసియా కప్పును గెలిచిన జట్టు. జకార్తాలో మొదటి పోటీయందే మనవారిని 2-0గా ఓడించెను. పిమ్మట మనవారు థాయిలాండును 4-1గాను, జపానును 2-0గాను, దక్షిణ వియత్నామును 3-2గాను ఓడించి, 1962 సెప్టెంబరు 4న అదే కొరియాను తుది పోటీలో ఎదుర్కొనిరి. ఇజ్రాయెల్, తైవానులను రానీయకపోవుటను భారత ప్రతినిధి యొకరు ఆక్షేపించుటచే ఆ నగరపు జనులు మనవారిపై మండిపడుచుండిరి. మైదానము నిండ నిండిన ప్రేక్షకులు మనవారికి బంతి దొరికినప్పుడెల్ల కేకలతో వెక్కిరించిరి. జర్నైల్ సింగు రక్షణపు ఆటగాడు. ముందటి పోటీలో తలకు గాయమై కుట్లు పడియుండగా రహీము గారు ఆయనను ముందు వరుసకు పంపిరి. ఆయనయు బెనర్జీయు చెఱియొక గోలు చేయగా మనవారు 2-1గా గెలిచిరి. జపాను జట్టు అటుపిమ్మట ఆరేండ్లకు మెక్సికో ఒలింపిక్సున కంచు పతకము గెలిచెను. ఆ దేశములు నాడు పసికూనలని చెప్పుట చెల్లదు.

నాలవది కాలపు పరిస్థితి. "నేటివారి వేగము" అను మాటకు సమాధానమిచ్చటనే యున్నది. 1948లో లండను ఒలింపిక్సున మనవారిలో పెక్కుమంది బూట్లు లేకయే ఆడిరి. 1952లో హెల్సింకీలో యూగోస్లావియా చేత 1-10గా దెబ్బ తిన్న తరువాతనే బూట్లు తప్పనిసరి యైనవి. బలరాము ఆట మొదలిడినది ఆ మార్పు జరుగుచున్న నాళ్లలో. నాటి బంతి తోలుది. వర్షము కురిసినచో నీరు పీల్చి బరువెక్కును. తలతో కొట్టినవాని నొసలు కందిపోవును. మన దేశపు పోటీలు తఱచుగా 90 నిమిషములకంటె తక్కువ సమయమే జరుగుచుండుటచే, విదేశములలో నిండు సమయము ఆడవలసి వచ్చినపుడు మనవారి యూపిరి చాలకపోవుచుండెను. అలసినవానికి, గాయపడినవానికి మాఱుగా మఱియొకని దింపు నియమము నాడు లేదు. పదునొకండుగురిలో ఒకడు కుంటినచో కుంటుచునే ఆడవలయును, లేదా పదిమందితో సాగింపవలయును. నేటి బాలుడు బలరామును నేటి మైదానమున దింపి ఓడించుచున్నాడు. అట్లయినచో నేటివానికి నాటి తోలు బంతి, నాటి బూట్లు, నాటి తిండి యిచ్చి నాటి నేలపై దింపి చూడవలదా? మా మట్టుకు మేమీ రెండు పరీక్షలును వ్యర్థములని తలంతుము. ఒకని నతని సమకాలికులతో పోల్చవచ్చును. వారందఱకు బంతియు నేలయు నియమములును ఒక్కటియే గదా.

సమకాలికులనగానే వెంటనే రెండు పేరులు వచ్చును: పి. కె. బెనర్జీ, చునీ గోస్వామి. వీరిద్దఱును బలరామును కలిసి భారతదేశపు ముందు వరుసలో త్రయముగా ప్రసిద్ధులైరి. ఈ మువ్వురిలో ఎవరు మిన్న యనుటయే అసలు వాదము. గోలుల లెక్క చూచినచో బెనర్జీ ముందుండును. నాయకత్వము చూచినచో జకార్తాలో జట్టును నడిపినవాడు గోస్వామి. మఱి బలరామునకు మిగిలినదేమి?

ఇచ్చట ఆటను గూర్చి కొంచెము నిలిచి ఆలోచింపవలయును. నాటి పద్ధతి ప్రకారము ముందు వరుసలో అయిదుగురు: నడుమ ఒకడు, అతని కిరుప్రక్కల లోపలివారిద్దఱు, కొసలయందు ఇద్దఱు. బెనర్జీ కుడి కొసవాడు. ఎల్లప్పుడును కుడి కొసయే. గోస్వామి ఎడమ లోపలివాడు. బలరాము మాత్రము నడుమ ఆడెను, ఎడమ లోపల ఆడెను, ఎడమ కొసన ఆడెను. ఎడమ లోపలి స్థానమున గోస్వామి యుండగా, జకార్తా తుది పోటీలో బలరాము ఎడమ కొసన నిలిచెను. కొసన నిలిచినవానికి గోలు ఎదుట నుండదు. గీత వెంబడి పరుగెత్తి, రక్షకుని తప్పించి, బంతిని నడుమనున్న వానికి అందించుటయే అతని పని. అందించినవాని పేరు లెక్కలో చేరదు, తన్నినవాని పేరే చేరును. అన్నదమ్ములలో ఒకడు పొలము దున్నగా రెండవవాడు ధాన్యము నమ్మివచ్చి సొమ్ము లెక్క చెప్పినట్లు. నేటి పోటీలలో అందించినవాని పేరును వ్రాయుచున్నారు, నాడు ఆ యలవాటు లేదు. కావున ఒకే స్థానమున నిలిచి ఆడినవాని లెక్కను, ఎక్కడ ఖాళీ యున్న నక్కడకు పంపబడినవాని లెక్కను ఒక్క త్రాసున పెట్టుట సరికాదు. మా యెఱుకలో పాఠశాల జట్టునందును అట్టి బాలుడొక్కడు ప్రతియేటను ఉండును. ఏ స్థానమున ఆటగాడు రాకున్నను ఉపాధ్యాయుడు అతని పేరే పిలుచును. బహుమతి దినమున మాత్రము అతని పేరు పిలువబడదు.

మూడు స్థానములలో ఆడుట నేర్పు లేకనే యని, ఏ స్థానమునను కుదురుకొనలేకపోయెనని ఎదుటి పక్షము వారనవచ్చును. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానము కలకత్తాలో దొరకును. ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆయనకు గోలునకు దగ్గరగా ఆడు అవకాశము కలిగినపుడు ఆయన గోలులు పుష్కలముగా చేసెను. 1961లో ఆయన నాయకుడుగా నుండగా ఆ జట్టు కలకత్తా లీగును గెలిచెను. ఆ యేడు లీగులో అందఱికంటె ఎక్కువ గోలులు చేసినవాడును ఆయనయే. కుదురుకొనలేనివాడు కాడు, కుదురుకొననిచ్చినచో ఏమి చేయగలడో చూపినవాడు.

సాక్షుల విషయమున ఇంకొక సూక్ష్మము కలదు. మేము అమ్ముగూడకు ఇరుగుపొరుగు వారము. మాకు బలరాముపై మక్కువ సహజము. కావున మా పొగడ్తకు సగము ధరయే కట్టవలయును. కలకత్తావారి సంగతి అట్లు కాదు. ఫుట్‌బాలు విషయమున ఆ నగరమునకుగల స్వాభిమానము జగద్విదితము. గోస్వామి వంగదేశపు బిడ్డ, బ్రతుకంతయు మోహన్ బగానుకే ఆడినవాడు. బెనర్జీ జల్పాయిగురిలో పుట్టినవాడు. తమవారైన ఈ యిద్దఱి సరసన, భాష తెలియని దక్షిణాది యువకుని మూడవవానిగా ఆ నగరమే నిలిపెను. ఆతనిని తమ జట్టునకు నాయకుని చేసికొనెను. మెచ్చుకొనుటకు స్వార్థకారణము లేనివాడు మెచ్చుకొన్నచో ఆ మెప్పునకు నిండు ధర కట్టవచ్చును.

ఆయన ఆట అర్ధాంతరముగా ముగిసెను. ఊపిరితిత్తుల వ్యాధి సోకి 1963లో, సుమారు 27 ఏండ్ల ప్రాయమున, ఆట మానవలసి వచ్చెను. రహీము గారు ఆ యేడే జూన్ 11న మరణించిరి. ఆటగాని కాళ్లకు పాకము వచ్చు వయస్సు సామాన్యముగా అదియే. బలరామునకు 1962లో అర్జున పురస్కారము లభించెను. గోస్వామికి 1983లోను, బెనర్జీకి 1990లోను పద్మశ్రీ బిరుదము వచ్చెను. బలరామునకు రాలేదు. దీనిని పట్టుకొని, బిరుదము రాలేదు గనుక ఆయన వారికంటె తక్కువయని యొకడును, అన్యాయము జరిగినది గనుక ఆయనయే మిన్నయని యొకడును వాదింతురు. రెండును తప్పుడు తర్కములే. బిరుదము ఇచ్చినవారి మనస్సును తెలుపును గాని పుచ్చుకొన్నవాని కాలి నేర్పును తెలుపదు. అయితే దేశము తరఫున అన్నేండ్లు ఆడినవానికి ఆ గౌరవము దక్కకపోవుట మాకు బాధాకరముగనే యున్నది.

ఇంతవఱకు వచ్చిన పిమ్మట మా నిర్ణయము చెప్పక తప్పించుకొనుట సరికాదు. 1958 మొదలు 1962 వఱకు ఆసియా ఖండమున ముందు వరుసలో ఆడినవారిలో బలరాము మొదటి శ్రేణివాడని నిస్సంశయముగా చెప్పవచ్చును. ఐరోపాలోని మేటి ఆటగాండ్రకు సాటియని చెప్పుటకు ఆధారము చాలదు. హంగరీతో ఆడిన యొక్క పోటీ ఆయన వారి ముందు బెదరలేదని చూపును, అంతకంటె ఎక్కువ చూపదు. గోస్వామి, బెనర్జీలతో పోల్చునపుడు, ఒక్క స్థానమున గోలునకు గుఱిపెట్టు నేర్పులో బెనర్జీకి మొదటి పీట వేయుదుము. అన్ని స్థానములకు పనికివచ్చు సంపూర్ణత్వమున బలరామునకే వేయుదుము. దీనిని కాదనువారు తగిన సాక్ష్యముతో రండు. గొంతుతో రావలదు.

సాక్ష్యము సేకరించుటకు సమయము మించిపోవుచున్నది. ఉప్పలు మీదుగా పోవువారు అచ్చటి గొప్ప క్రికెట్టు క్రీడాంగణమును చూతురు గాని, ఫుట్‌బాలు పోటీలకు ఫతే మైదానమున జనులు క్రిక్కిఱిసిన దినములు కలవని యెఱుగరు. ఆ దినములను చూచిన వృద్ధులు అమ్ముగూడ, లాలాగూడ, బొల్లారము ప్రాంతములలో ఇంకను కొందఱు ఉండవచ్చును. మీ బంధువులలో అట్టివారున్నచో ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము, పెన్సిలు తీసికొని వారి యొద్దకు పొండు. "బలరాము గొప్పవాడా?" అని అడుగవలదు. గొప్పవాడే నాయనా యని చెప్పి వారూరకుందురు. ఏ యేడు చూచినారు, ఏ జట్ల నడుమ పోటీ, మైదానమున ఏ వైపున కూర్చున్నారు అని అడుగుడు. బంతి దొరకగానే ఆయన ముందుగా తల యెత్తి చూచెడివాడా, లేక పరుగు తీసెడివాడా? ఎడమ కాలితో తన్నెడివాడా, కుడి కాలితోనా? బంతి పోగొట్టుకొన్నపుడు నిలిచిపోయెడివాడా, వెనుకకు పరుగెత్తి తెచ్చుకొనెడివాడా? ఆయనను ఆపగలిగిన రక్షకుడెవడైన నుండెనా? వారు చెప్పినది చెప్పినట్లు, ఉర్దూలో చెప్పినచో ఉర్దూలోనే, తమిళమున చెప్పినచో తమిళమునందే వ్రాసికొని, క్రింద వారి వయస్సును, తేదీని వేయుడు. గుర్తు లేదని వారన్న సంగతులనుగూడ విడువక వ్రాసికొని, పాఠశాల తెఱచిన దినమున ఆ పుస్తకములను మాకు తెచ్చి యిండు.